విజయాల ఖరీదును లెక్కగట్టిన కలం: కినోషిత నావోయె

(కార్మిక విలేఖరుల శిక్షణ తరగతిలో బులెటిన్ సంపాదకవర్గం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మా కార్యాలయానికి చేరే లేఖలలో ఒక ప్రశ్న తరచు కనిపిస్తున్నది. ‘సమ్మె వార్తలు, వేతన ఒప్పందాలు, ప్రమాదాల వివరాలు ప్రచురించవలసిన పత్రికలో కథలకు, నవలలకు చోటెందుకు?’ అని కొందరు అడుగుతున్నారు. ‘ఎంతసేపూ నివేదికలేనా? మనుషుల బ్రతుకులు చదివించే రచనలు ఎప్పుడు వేస్తారు?’ అని మరికొందరు అడుగుతున్నారు. ఈ రెండు ప్రశ్నలకూ తన జీవితంతో సమాధానమిచ్చిన ఒక జపాను పత్రికా రచయితను గురించి నేడు మీతో మాట్లాడదలిచాము. ఆయన పేరు కినోషిత నావోయె. 1869లో జన్మించి 1937లో మరణించారు. న్యాయవాదిగా, విలేఖరిగా, వక్తగా, నవలాకారుడుగా పనిచేశారు. మన దేశంలో ఆయన పేరు ఎరిగినవారు బహు తక్కువ. ఆయన ఎదిరించిన యుద్ధాన్ని గురించి మాత్రం మన పెద్దలందరూ విన్నారు. కనుక అక్కడి నుండే ప్రారంభిస్తాము.

ఆసియా సంతోషించిన వేళ

1904 ఫిబ్రవరిలో జపానుకు, జారు రష్యాకు మధ్య యుద్ధం మొదలయింది. 1905 సెప్టెంబరులో సంధి కుదిరేనాటికి జపాను గెలిచింది. తెల్లవారి సామ్రాజ్యాన్ని ఒక ఆసియా దేశం ఓడించినదన్న వార్త, వలస పాలనలో ఉన్న ప్రజలకు గొప్ప ఉత్సాహాన్నిచ్చింది. బాల్యంలో ఆ యుద్ధ వార్తల కోసం ప్రతిదినం ఆత్రుతతో ఎదురు చూచేవాడినని జవాహర్‌లాల్ నెహ్రూ తన ఆత్మకథలో చెప్పుకున్నారు. ఆ ఉత్సాహాన్ని మనం తప్పు పట్టబోము. బానిసత్వంలో ఉన్నవారికి ఆ వార్త ఒక ఆశ.

అయితే ఆ విజయానికి ధర చెల్లించినవారు ఎవరు? జపాను సైనికులు 80 వేల మందికి పైగా మరణించారు. వారిలో అత్యధికులు రైతుల బిడ్డలు. యుద్ధ వ్యయానికై పన్నుల మీద పన్నులు పడ్డాయి. సంధి తరువాత కొరియా జపానుకు రక్షిత దేశంగా మారి, 1910లో పూర్తిగా వలసరాజ్యమైపోయింది. అంటే ఆసియా గెలిచిందని మన దేశంలో సంతోషించిన ఆ విజయమే మరొక ఆసియా జాతి మెడకు ఉరిత్రాడయింది. జపాను లోపల ఈ లెక్కను ముందే చెప్పిన కొద్దిమందిలో కినోషిత ఒకరు. యుద్ధం రాకముందు చెప్పారు. వచ్చిన తరువాత కూడ చెప్పారు. ఆ ధైర్యం ఆయనకు ఎక్కడ అలవడినదో తెలుసుకోవాలంటే ఆయన పుట్టిన ఊరికి వెళ్ళాలి.

మాత్సుమోతో యువకుడు

నాగానో ప్రాంతంలో, పర్వతాల నడుమ మాత్సుమోతో అనే కోట పట్టణం ఉన్నది. అక్కడ దిగువ శ్రేణి సమురాయి కుటుంబంలో కినోషిత పుట్టారు. ఆయన పుట్టుకకు ఒక ఏడాది ముందే పాత ప్రభువుల పాలన కూలి, మెయిజీ ప్రభుత్వం ఏర్పడింది. సమురాయిలకు పాత జీతాలు పోయాయి. చదువే ఆధారమైన తరం అది. ఇంగ్లీషు రాజుపై తిరుగుబాటు చేసిన క్రాంవెల్ కథను బడిలో విని ఆయన ఎంతో ప్రభావితులయ్యారు. రాజును న్యాయస్థానంలో నిలబెట్టే చట్టం ఒకటి లోకంలో ఉన్నదా అన్న ప్రశ్నతో న్యాయశాస్త్రం వైపు మళ్ళారు. టోక్యోలో, తరువాతి కాలంలో వాసెదా విశ్వవిద్యాలయంగా మారిన విద్యాలయంలో చదివి, 1888లో పట్టం పుచ్చుకొని స్వస్థలానికి తిరిగి వచ్చారు.

అక్కడ స్థానిక పత్రికలో వ్రాశారు. 1893లో న్యాయవాది అయ్యారు. అదే సంవత్సరం క్రైస్తవ మతం స్వీకరించారు. మద్యపానానికి, ప్రభుత్వ అనుమతితో నడిచే వేశ్యాగృహాలకు వ్యతిరేకంగా ఊరూరా ఉపన్యసించారు. 1897లో నాకామురా తాహాచిరో మొదలైన మిత్రులతో కలిసి సార్వజనిక వోటు హక్కు కోసం ఒక సంఘాన్ని స్థాపించారు. 1889 నాటి ఎన్నికల చట్టం ప్రకారం ఏటా 15 యెన్ల ప్రత్యక్ష పన్ను కట్టే పురుషునికే వోటు. జనాభాలో నూటికి సుమారు ఒక్కరు మాత్రమే అందుకు అర్హులు. ఆ ఏడాదే ఆయన అరెస్టయ్యారు. ఏడాదికి మించి చెరలో ఉండి, చివరకు నిర్దోషిగా 1898లో విడుదలయ్యారు. కోర్టు గదిలో న్యాయవాదిగా నిలిచిన మనిషి ముద్దాయిగా కూడ నిలిచి చూశారు. ఆ తరువాత ఆయన న్యాయవాద వృత్తిని విడిచి పత్రికా రచననే ప్రధానంగా పట్టుకున్నారు.

రాగి గని, విషపు నది

1899లో ఆయన టోక్యోలోని మైనిచి షింబున్‌లో చేరారు. నేడు అదే పేరుతో ఉన్న పెద్ద పత్రిక వేరు, ఇది వేరు. పార్లమెంటు సభ్యుడు షిమాదా సాబురో నడిపిన పత్రిక అది. జపాను దిగువ వర్గాల జీవితంపై 1899లో ప్రసిద్ధ గ్రంథం వెలువరించిన యోకోయామా గెన్నొసుకె కూడ ఆ పత్రికలో పనిచేసినవారే. అనగా పేదల వీధిలో నడిచి, చూచి, లెక్కవేసి వ్రాసే సంప్రదాయం అక్కడ ఉన్నది.

ఆ రోజులలో జపాను ముందున్న పెద్ద సమస్య అషియో రాగి గని. 1877లో ఫురుకావా ఇచిబేయి అనే వ్యాపారి దానిని కొన్నాడు. కొద్ది సంవత్సరాలలోనే అక్కడ గొప్ప ఖనిజ నిక్షేపాలు బయటపడ్డాయి. రాగి ఎగుమతి దేశానికి విదేశీ ద్రవ్యం తెచ్చిపెట్టింది. గని అవసరాలకు కొండలపై అడవులు నరికారు. రాగిని కరిగించే కొలుముల గంధకపు పొగకు మిగిలిన చెట్లు మాడిపోయాయి. చెట్లులేని కొండల నుండి వరదలు వాతారాసె నదిలోనికి దూకి, గని వ్యర్థాలను దిగువ పొలాలపై పరచాయి. 1890, 1896 సంవత్సరాల వరదలతో చేపలు చచ్చాయి, వరి ఎండిపోయింది. 1891లో తానాకా షోజో అనే ప్రతినిధి ఈ విషయాన్ని పార్లమెంటులో లేవనెత్తారు. సమాధానమివ్వవలసిన మంత్రి ముత్సు మునెమిత్సు కుమారుణ్ణి గని యజమాని దత్తత తీసుకొని ఉన్నాడు. దీనికి వేరే వ్యాఖ్యానం అవసరం లేదు.

1900 ఫిబ్రవరి 13న వేలాది రైతులు ప్రభుత్వానికి విన్నవించుకొనేందుకు టోక్యోకు నడిచి బయలుదేరారు. కావామాతా అనే చోట పోలీసులు వారిని అడ్డగించి కొట్టారు. 51 మందిపై విచారణ జరిపించారు. ఆ సంఘటన తరువాత కినోషిత అషియో సమస్యపై తమ పత్రికలో వరుసగా వ్రాశారు. ఆ ఏడాదే ఆ రచనలు పుస్తకంగా వచ్చాయి. మన విలేఖరి మిత్రులు ఇక్కడ ఒక్క విషయం గమనించాలని కోరుతున్నాము. ఆనాటి సమస్య రెండు చివరలుగా ఉన్నది. పైన గని, క్రింద పొలం. గనిలో పనిచేసేవాడు కూలి, పొలం పోగొట్టుకున్నవాడు రైతు. వీరిద్దరినీ ఒకరికొకరిని శత్రువులుగా చూపడం యజమానికి సులభం. ‘గని మూసివేస్తే కూలీల గతి ఏమి?’ అన్న ప్రశ్న ఆనాడే పుట్టింది. నేటికీ మన దేశంలో ప్రతి కాలుష్య వివాదంలో ఈ ప్రశ్న మనకు ఎదురవుతూనే ఉన్నది. 1907 ఫిబ్రవరిలో అదే అషియోలో గని కార్మికులు తిరగబడగా, అణచివేతకు సైన్యాన్ని పంపారు. క్రింద పొలాన్ని చంపిన లాభమే పైన కార్మికుని కూడ పీల్చినదని ఆ తిరుగుబాటు రుజువు చేసింది.

రెండు దినాల పార్టీ

1897 డిసెంబరులో జపానులో ఇనుప పరిశ్రమ కార్మికుల సంఘం ఏర్పడింది. కాతాయామా సెన్ సంపాదకత్వంలో ‘కార్మిక ప్రపంచం’ అనే పత్రిక వెలువడింది. ప్రభుత్వం 1900లో ప్రజాశాంతి పోలీసు చట్టం తెచ్చింది. సమ్మెకు ప్రోత్సహించడం నేరమయింది. స్త్రీలు రాజకీయ సభలకు హాజరు కావడం నిషిద్ధమయింది. సంఘాలు ఒకటొకటిగా నీరసించాయి.

ఈ పరిస్థితిలో 1901 మే నెలలో ఆరుగురు కలిసి సోషల్ డెమొక్రటిక్ పార్టీని స్థాపించారు. వారు ఆబె ఇసో, కాతాయామా సెన్, కోతోకు షూసుయి, నిషికావా కోజిరో, కావాకామి కియోషి, కినోషిత నావోయె. ఆ ప్రణాళికలో ఎనిమిది గంటల పనిదినం, బడి వయస్సు పిల్లలను పనిలో పెట్టుకొనడంపై నిషేధం, స్త్రీల రాత్రి పని రద్దు, కార్మిక సంఘ చట్టం, సార్వజనిక వోటు, ఆయుధాల తగ్గింపు ఉన్నాయి. రెండు దినాలలో ప్రభుత్వం పార్టీని నిషేధించింది. ఆ ప్రణాళికలోని కోర్కెలు తరువాత ఏ వేగంతో నడిచాయో చూడండి. ఫ్యాక్టరీ చట్టం 1911లో వచ్చింది, 1916లో అమలయింది. స్త్రీల రాత్రి పనిపై నిషేధం 1929లో అమలయింది. పురుషులందరికీ వోటు 1925లో, స్త్రీలకు 1945లో వచ్చాయి. రెండు దినాలు బ్రతికిన పార్టీ అడిగిన దానిని ఇచ్చేందుకు ఆ రాజ్యానికి దాదాపు అర్ధ శతాబ్దం పట్టింది.

అగ్నిస్తంభం

1903 అక్టోబరులో టోక్యోలోని యోరోజు చోహో అనే పత్రిక యుద్ధ పక్షానికి మారింది. అందులో పనిచేస్తున్న కోతోకు షూసుయి, సాకాయి తోషిహికో రాజీనామా చేసి, నవంబరులో హేమిన్ షింబున్, అనగా ‘సామాన్యుల పత్రిక’ అనే వారపత్రికను ప్రారంభించారు. కినోషిత మైనిచిలో ఉంటూనే ఈ పత్రికకు వ్రాశారు, దాని సభలలో ప్రసంగించారు.

1904 జనవరి 1న మైనిచిలో ఆయన తొలి నవల ‘హి నో హషిర’ ధారావాహికగా మొదలయింది. ‘అగ్నిస్తంభం’ అని దాని అర్థం. ఎడారిలో రాత్రివేళ ప్రజలకు దారి చూపిన అగ్నిస్తంభం గురించి బైబిలులోని నిర్గమకాండం నుండి ఆ పేరు తీసుకున్నారు. మార్చి 20 వరకు నవల సాగింది. ఈ మధ్యలోనే ఫిబ్రవరిలో యుద్ధం వచ్చింది. నవల మొదలయినప్పుడు పాఠకులకు యుద్ధం ఒక భయం. నవల ముగిసేనాటికి అది ఇంటింటి వార్త. పత్రిక యాజమాన్యం యుద్ధాన్ని సమర్థించినా నవల ఆగలేదు. యుద్ధ వార్తలు చదివే పాఠకుడే అదే పత్రికలో యుద్ధ వ్యతిరేక కథ చదివాడు. అలాంటి రచన మరొక దేశంలోనైనా అరుదు.

కథ క్లుప్తంగా చెబుతాము. షినోదా చోజి ఒక పత్రికా సంపాదకుడు, క్రైస్తవుడు, సోషలిస్టు, యుద్ధ వ్యతిరేకి. యామాకి అనే ధనిక వ్యాపారికి యుద్ధం లాభసాటి. అతని కుమార్తె ఉమెకోకు షినోదా పట్ల గౌరవం, ప్రేమ. ఆమెను ఒక నౌకాదళాధికారికి కట్టబెట్టి, ఆ సంబంధంతో వ్యాపారం పెంచుకోవాలని తండ్రి ఎత్తు. ఆమె లొంగదు. ధనికుల పలుకుబడి వలన షినోదాను చర్చి వెలివేస్తుంది. చివరకు పోలీసులు అతణ్ణి అరెస్టు చేస్తారు. వ్యాపారి, అధికారి, మతపెద్ద, పోలీసు, ఈ నలుగురు ఒకే భోజనపు బల్ల దగ్గర ఎట్లా కూర్చుంటారో నవల చూపింది.

ఈ నవలలో లోపాలు లేకపోలేదు. నాయకుడు మరీ ఋషివలె కనిపిస్తాడు. దుష్టులు పూర్తిగా దుష్టులు. సంభాషణ అప్పుడప్పుడు ఉపన్యాసమయిపోతుంది. సాహిత్య విమర్శకులు ఈ మాటలు చెప్పారు, వాటిలో నిజమున్నది. అయినా నివేదిక చేయలేని పని ఒకటి ఈ నవల చేసింది. సంపాదకీయంలో ‘యుద్ధం వలన లాభపడేవారున్నారు’ అని వ్రాస్తే అది ఒక వాదన. ఆ లాభం కోసం కన్నకూతురినే బేరం పెట్టిన తండ్రిని చూపితే, చదివినవాడు దానిని తన వీధిలో వెదుక్కుంటాడు.

1904 మే నెలలో హేమిన్ షింబున్ వారే ఈ నవలను పుస్తకంగా ప్రచురించారు. ఆ పత్రిక మీద దెబ్బలు పడుతూనే ఉన్నాయి. యుద్ధపు పన్నులను విమర్శించిన సంపాదకీయానికి సాకాయి రెండు నెలలు జైలుకు వెళ్ళారు. 1904 నవంబరులో కమ్యూనిస్టు ప్రణాళిక అనువాదం ప్రచురించినందుకు ఆ సంచికను నిషేధించారు. 1905 జనవరి 29న చివరి సంచికను ఎర్ర సిరాతో అచ్చువేసి పత్రికను మూసివేశారు. ఆ మధ్యలో, 1904 ఆగస్టులో ఆంస్టర్‌డాంలో జరిగిన అంతర్జాతీయ సోషలిస్టు మహాసభలో కాతాయామా సెన్, రష్యా ప్రతినిధి ప్లెఖనోవ్ అందరి ఎదుట చేతులు కలిపారు. రెండు దేశాల సైన్యాలు మంచూరియాలో చంపుకుంటున్న రోజులవి. అదే మహాసభలో మన దాదాభాయి నౌరోజీ భారతదేశంలో బ్రిటిషు పాలన గురించి మాట్లాడారు. ఆ ఒక్క సభామందిరంలో, నెహ్రూ బాల్యంలో విన్న విజయానికి రెండవ వైపు కూడ ఉన్నది.

అటు తరువాత కినోషిత ‘ర్యోజిన్ నో జిహకు’ అనే పెద్ద నవలను 1904 నుండి 1906 వరకు మైనిచిలోనే వ్రాశారు. ‘భర్త ఒప్పుకోలు’ అని దాని అర్థం. ఆస్తి కోసం జరిగే వివాహాన్ని, భూస్వామి కౌలుదారుల సంబంధాన్ని అందులో చర్చించారు. 1910లో ఆయన పుస్తకాలపై నిషేధం పడింది. ‘అగ్నిస్తంభం’ కూడ అంగళ్ళ నుండి మాయమయింది.

ఆయన వెనుదిరిగిన సంగతి

ఇక చెప్పక తప్పని విషయం ఒకటున్నది. 1906 మే నెలలో ఆయన తల్లి మరణించారు. ఆ ఏడాదే ఆయన మైనిచిని విడిచిపెట్టారు. సోషలిస్టు ఉద్యమం నుండి కూడ తొలగిపోయారు. ఇకాహో కొండ ప్రాంతానికి వెళ్ళి ‘జాంగె’, అనగా ‘పశ్చాత్తాపం’ అనే ఆత్మకథను వ్రాశారు. కీర్తి కాంక్ష, అధికార కాంక్ష తనలోనూ ఉన్నవని ఆయన భావించారు. తరువాతి సంవత్సరాలలో ధ్యాన సాధన వైపు మళ్ళారు. 1911 జనవరిలో, రాజద్రోహ నేరం మోపి కోతోకు షూసుయితో సహా 12 మందిని ఉరి తీసేనాటికి కినోషిత ఉద్యమంలో లేరు.

మన సంప్రదాయంలో ఇట్టివారిని గురించి రెండు విధాలుగా మాట్లాడుతారు. ఒకరు పారిపోయినవాడంటారు. మరొకరు ఆ భాగాన్ని దాచిపెట్టి, మొదటి భాగాన్నే కీర్తిస్తారు. ఈ రెండూ మాకు సమ్మతం కాదు. పార్టీ నిషిద్ధం, సంఘాలు చితికిపోయాయి, పత్రిక మూతపడింది. వెనుక నిలబడే సంస్థ లేనిచోట ఒక్క మనిషి అంతరాత్మ మీదనే ఎంత బరువు పెట్టగలము? ఆయన అలసిపోయినారంటే ఆయన బలహీనతను మాత్రమే కాదు, చుట్టూ ఉన్న శూన్యాన్ని కూడ చూడాలి. అయినా ఆయన వెళ్ళిపోవడం వలన ఉద్యమానికి నష్టం జరిగింది. దానిని కూడ దాచబోము.

కాని వాతారాసె నదిని ఆయన విడువలేదు. తానాకా షోజో 1901లో పార్లమెంటు సభ్యత్వం వదలుకొని, ఆ డిసెంబరులో వినతిపత్రం పట్టుకొని చక్రవర్తి బండి ముందుకు పరుగెత్తిన మనిషి. వరద జలాశయం పేరుతో ప్రభుత్వం యానాకా గ్రామాన్ని ఖాళీ చేయించగా, ఆయన వెళ్ళి ఆ గ్రామంలోనే కాపురం పెట్టారు. 1907లో మిగిలిన ఇళ్ళను ప్రభుత్వం పడగొట్టింది. 1913లో ఆ వృద్ధుడు ఒక రైతు ఇంట జబ్బుపడగా, కినోషిత వెళ్ళి ప్రక్కన ఉండి సేవ చేశారు. సెప్టెంబరు 4న తానాకా మరణించినప్పుడు ఆయన ఆస్తి ఒక సంచి. అందులో కొత్త నిబంధన, రాజ్యాంగ ప్రతి, దినచర్య, కొన్ని గులకరాళ్ళు ఉన్నాయి. తానాకా జీవితంపై కినోషిత సంకలనం చేసిన గ్రంథం 1928లో వెలువడింది. తాను ఉద్యమంలో లేని కాలంలో కూడ, పోరాడినవారి మాట పోకుండా కాపాడే పనిని ఆయన చేశారు.

1937 జులైలో జపాను చైనాపై పూర్తిస్థాయి యుద్ధం ప్రారంభించింది. నవంబరు 5న కినోషిత మరణించారు. 1904లో ఆయన హెచ్చరించిన దారి ఎక్కడకు చేరుతుందో ప్రపంచం ఆ తరువాత ఎనిమిది సంవత్సరాలు చూచింది. అషియో గని 1973లో మూతపడింది. 1974లో కుదిరిన ఒప్పందం ప్రకారం రైతులకు 155 కోట్ల యెన్ల పరిహారం లభించింది. తానాకా పార్లమెంటులో ప్రశ్న వేసిన నాటి నుండి లెక్కిస్తే 83 సంవత్సరాలు.

మనకు మిగిలే పని

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాము. నివేదికా, నవలా? కినోషిత మొదట పొలాల సంగతి నివేదికగా వ్రాశారు, తరువాత నవల వ్రాశారు. కావామాతాలో దెబ్బలు తిన్న రైతుల విషయం పట్టించుకొనకుండా ఆయన నేరుగా నవల వ్రాసి ఉంటే, అది గాలిమేడ అయ్యేది. నవల వ్రాయకుండా ఉంటే, ఆ అంకెల వెనుక ఉన్న మనుషులు టోక్యో పాఠకుని ఇంటిలోనికి వచ్చేవారు కారు. కనుక మిత్రులారా, ప్రమాద వార్త పంపేటప్పుడు తేదీ, షిఫ్టు, యంత్రం, మృతుని వయస్సు, అతని జీతం తప్పక వ్రాయండి. ఆ తరువాత అతని ఇంటికి కూడ వెళ్ళండి. అక్కడ విన్నది కూడ వ్రాయండి. దానికి బులెటిన్‌లో చోటు ఉంటుందని సంపాదకవర్గం తరఫున మాట ఇస్తున్నాము.

రెండవది, విజయోత్సవ వార్త వచ్చినప్పుడల్లా దాని ఖరీదు ఎవరు చెల్లించారని అడగండి. ఉత్పత్తి రికార్డు గాని, ఎగుమతి రికార్డు గాని, యుద్ధ విజయం గాని, ఈ ప్రశ్నకు మినహాయింపు లేదు.

మూడవది, విలేఖరిని ఒంటరిగా వదలకండి. వ్రాసినవాని మీద చార్జిషీటు వస్తే సంఘం నిలబడాలి. బదిలీ వస్తే సంఘం అడగాలి. అలసిపోతే మరొకరు కలం అందుకోవాలి. కినోషిత జీవితంలోని రెండవ సగం నుండి మనం నేర్చుకోవలసినది ఇదే.

మాత్సుమోతోలో ఒక ఆరుబయటి ప్రదర్శనశాల ఉన్నది. పాత కట్టడాలను తెచ్చి అక్కడ నిలిపారు. కినోషిత పుట్టిన ఇల్లు అక్కడ ఉన్నది. దానితోపాటు పాత న్యాయస్థాన భవనం, జైలు గది, పట్టుదారం తీసే మిల్లు, ఆ మిల్లులకు కొండదారిన నడిచివెళ్ళే బాలికలు రాత్రి తలదాచుకొన్న సత్రం కూడ అదే ఆవరణలో ఉన్నాయి. న్యాయస్థానం, జైలు, మిల్లు, శ్రామిక బాలికల సత్రం, వీటి మధ్య ఒక విలేఖరి ఇల్లు. మన విలేఖరుల ఇళ్ళు కూడ సరిగ్గా అక్కడనే ఉన్నాయి. అక్కడ నుండి కనబడుతున్న దానిని వ్రాసి పంపవలసిందిగా కోరుతున్నాము.